కాజీపేటన్న 42 కిలోమీటర్లు: షిఫ్టు డ్యూటీలో ఒక మారథాన్ కేసు

2023 సెప్టెంబరు మొదటి వారం. సాయంత్రం ఆరు దాటాక ఒకాయన మా క్లినిక్‌కు వచ్చారు. కూర్చున్నాక, బండి డిక్కీలో ఎక్స్‌రే మర్చిపోయానంటూ మళ్లీ కిందికి దిగారు. ఆ దిగడం నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ప్రతి మెట్టుకూ కుడికాలే ముందు పెడుతున్నారు, ఎడమకాలు తెచ్చి దాని పక్కన ఆనిస్తున్నారు, మళ్లీ కుడికాలు. చిన్నపిల్లలు మెట్లు దిగినట్టు. ఎక్కి వచ్చేటప్పుడు మాత్రం చకచకా వచ్చేశారు. ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడు ఉందంటే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది.

ఆయన వయసు అప్పటికి 43. కాజీపేట రైల్వే లోకో షెడ్‌లో టెక్నీషియన్. పేరు రాయను. మా క్లినిక్‌లో అందరం కాజీపేటన్న అనే పిలుస్తాం, ఇక్కడా అదే రాస్తాను. ఈ వివరాలన్నీ ఆయన చదివి, సరే రాయండి అన్నాకే బయట పెడుతున్నాను. నేను ఫిజియోథెరపిస్టును, హనుమకొండలో ప్రాక్టీసు. పరిగెత్తేవాళ్లను తరచూ చూస్తుంటాను. వాళ్లందరిలో ఈ ఒక్క కేసునే మొదటి నుంచి చివరిదాకా రాయడానికి కారణం ఉంది. మారథాన్ ప్లాన్లు ఫోన్లో వెతికితే కావలసినన్ని దొరుకుతాయి. అన్నిటిలోనూ ఆదివారం లాంగ్ రన్, అంటే అన్నిటికంటే పొడవైన పరుగు, అని ఉంటుంది. శనివారం రాత్రి ఆ మనిషి పడుకున్నాడా, డ్యూటీలో ఉన్నాడా అని ఏ ప్లానూ అడగదు. మన వైపు పరిగెత్తేవాళ్లలో రైల్వేవాళ్లు, సింగరేణివాళ్లు, పోలీసులు, నర్సులు చాలామంది ఉన్నారు. నేనూ దాదాపు ఎనిమిది నెలల పాటు ఆ ప్రశ్న అడగలేదు. దాని ఫలితం ఏమిటో కింద రాస్తాను.

అప్పటివరకు జరిగింది

కాజీపేటన్న పరుగు మొదలుపెట్టింది 2021 చలికాలంలో. ఆ ఏడాదే వాళ్ల నాన్నకు గుండె ఆపరేషన్ అయింది, ఈయన బరువు 84 కిలోలు. మొదట వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక. తర్వాత నడక మధ్యలో కొంచెం పరుగు. ఆ తర్వాత పరుగే. ఏడాది తిరిగేసరికి 72 కిలోలకు వచ్చారు. 2023 జనవరిలో హనుమకొండలో 10 కిలోమీటర్లు 61 నిమిషాల్లో పూర్తి చేశారు. ఆ మెడల్ ఇంట్లో దేవుడి పటాల పక్కనే వేలాడుతోంది. ఆ ఊపులో ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు, అంటే 21.1 కిలోమీటర్లకు పేరిచ్చారు.

హైదరాబాద్ పరుగు అంటే ఫ్లైఓవర్లు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. 14వ కిలోమీటరు వరకు ఆయన కిలోమీటరుకు 6 నిమిషాల 15 సెకన్ల చొప్పున వెళ్లారు. అక్కడ ఒక ఫ్లైఓవర్ దిగుతుంటే కుడి మోకాలి బయటివైపు సూదితో పొడిచినట్టయింది. మిగిలిన ఏడు కిలోమీటర్లు కుంటుతూ నడిచి, మధ్యమధ్యలో ఉరికి, 57 నిమిషాల్లో ముగించారు. మొత్తం 2 గంటల 24 నిమిషాల 40 సెకన్లు.

వచ్చాక ఒకచోట ఎక్స్‌రే తీయించుకున్నారు. మోకాలు అరిగిపోయింది, ఉరుకుడు బంద్ చేయమన్నారట. నా ముందు కూర్చుని ఆయన అడిగిన మొదటి మాట ఇది: "మేడం, జనవరిల ముంబైల ఫుల్ ఉరుకుదామనుకున్న. ఇప్పుడు మొత్తానికే బంద్ జేయాల్నా?"

పరీక్షలో తేలింది

మోకాలిలో వాపు లేదు. కీలు గీత వెంట నొక్కితే నొప్పి లేదు. పూర్తిగా గొంతుకూర్చోగలిగారు, లేవగలిగారు. ఎక్స్‌రేలో ఆ వయసుకు ఉండే చిన్న మార్పులు తప్ప ఇంకేమీ లేవు. కానీ మోకాలి బయటివైపు, కీలుకు రెండు వేళ్ల పైన ఉండే ఎముక బుడిపె మీద బొటనవేలితో నొక్కి పట్టి కాలు మెల్లగా చాపమంటే, సుమారు 30 డిగ్రీల వంపు దగ్గరికి వచ్చేసరికి ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. ఇది ఇలియోటిబియల్ బ్యాండ్ నొప్పి. తుంటి నుంచి తొడ బయటివైపుగా దిగి మోకాలి కింద అతుక్కునే గట్టి పట్టీ అది. పాదం నేలకు ఆనిన కాసేపటికే మోకాలు ఆ 30 డిగ్రీల వంపులోకి వస్తుంది, అక్కడే పట్టీ కింద ఒత్తిడి పడుతుంది. పల్లంలో దిగేటప్పుడు కాలు ఆ వంపులో ఎక్కువసేపు ఉంటుంది. అందుకే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రాని నొప్పి దిగేటప్పుడు వచ్చింది. మా మెట్ల మీద కనిపించింది కూడా అదే.

ఇక మోకాలు అరిగిపోవడం గురించి. ఈ మాట విని పరుగు మానేసినవాళ్లు మళ్లీ బరువు పెరిగి, అసలైన మోకాలి అరుగుదలతో నా దగ్గరికి రావడం నేను చూశాను. అందుకే దీన్ని ఊరికే వదలను. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాకు పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి, అసలు పరిగెత్తనివాళ్లలో 10.2 శాతం మందికి కనిపించింది. పోటీస్థాయి రన్నర్లలో మాత్రం 13.3 శాతం. అన్నకు ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి, ఎక్స్‌రే కవర్లోనే పెట్టుకున్నారు.

తర్వాత 20 సెంటీమీటర్ల పీట మీద ఒంటికాలిపై నిలబెట్టి, రెండో మడమ నేలకు తాకేలా మెల్లగా దిగమన్నాను. ఎడమకాలి మీద బాగా దిగారు. కుడికాలి మీద దిగేటప్పుడు మోకాలు లోపలికి, బొటనవేలి గీత కూడా దాటి వంగింది, ఎడమ తుంటి కిందికి జారింది. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం ఎడమకాలితో 24 సార్లు, కుడికాలితో 13 సార్లు. పరిగెడుతుంటే లెక్కపెట్టాను: కుడిపాదం నిమిషానికి 78 సార్లు పడుతోంది, అంటే రెండూ కలిపి 156 అడుగులు. అడుగు పెద్దది, పాదం ఒంటికి బాగా ముందు పడుతోంది.

మోకాలి కథ ఇంతే. దీనికి మందు కష్టం కాదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో లెక్క.

పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక సూత్రం చెప్పాడు. ఒక దూరంలో వచ్చిన టైమును బట్టి ఇంకో దూరంలో ఎంత రావచ్చో అంచనా కట్టడం: దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి పాత టైముతో గుణించాలి. అన్న 10 కిలోమీటర్ల టైము 61 నిమిషాలు. ఆ లెక్కన హాఫ్ 2 గంటల 15 నిమిషాలలోపు, ఫుల్, అంటే 42.2 కిలోమీటర్లు, 4 గంటల 41 నిమిషాల్లో రావాలి. ఆయన పరిగెత్తిన హాఫ్‌ను బట్టి లెక్కకడితే ఫుల్ 5 గంటల 2 నిమిషాలు. దూరం పెరిగేకొద్దీ మనిషి తన లెక్క కంటే వెనకబడుతున్నాడు. మోకాలు నొచ్చింది కాబట్టి కొంత సరే. కానీ వాచీలో పాత పరుగులన్నీ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. కిలోమీటరుకు మంగళవారం 6:05, గురువారం 6:10, శనివారం 6:00, ఆదివారం 6:10. వారానికి 35 నుంచి 40 కిలోమీటర్లు, ప్రతి కిలోమీటరూ ఆయన 10 కిలోమీటర్ల రేసు వేగానికి అటూఇటూ. నిదానంగా పరిగెత్తిన రోజు ఒక్కటీ లేదు. ఏడాదిగా వారానికి నాలుగుసార్లు రేసు పరిగెడుతూ వచ్చారన్నమాట.

ముంబై వద్దన్నాను. బదులుగా 2024 ఆగస్టులో హైదరాబాద్‌లోనే ఫుల్ అనుకున్నాం. నిజానికి ఆగస్టు రేసు నాకు ఇష్టం లేదు. దాని శిక్షణ అంతా ఏప్రిల్, మే, జూన్‌లలో పడుతుంది, మన దగ్గర ఆ నెలలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కానీ ఆయన బిడ్డ హైదరాబాద్‌లో చదువుతోంది, రేసు ముగిసే గచ్చిబౌలి స్టేడియంలో నిలబడతానందట. ఆ మాట ముందు నా వాదన నిలవలేదు. నేను పెట్టిన షరతు ఒక్కటే: నాన్నకు గుండె జబ్బు ఉంది కాబట్టి దూరం పెంచకముందే కార్డియాలజిస్టును కలిసి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. చేయించుకున్నారు, రిపోర్టు బాగుంది.

స్టేషన్ల పరీక్ష

మొదటి ఆరు వారాలు మోకాలికి. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు, చదును నేల మీద మాత్రమే. నొప్పికి పదిలో మూడు మార్కుల లోపు ఉంటే కొనసాగించవచ్చు, అదీ మర్నాటి పొద్దుటికి పూర్తిగా పోతేనే. పీట మీంచి దిగడం, రబ్బరు బ్యాండ్ కట్టుకుని పక్కకు అడుగులు, సైడ్ ప్లాంక్, మడమలు ఎత్తడం. ఫోన్లో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్ కొట్టే యాప్) పెట్టి నిమిషానికి 156 అడుగులను మెల్లమెల్లగా 166కు తెచ్చాం. అడుగు పొట్టిదైతే పాదం ఒంటి కిందే పడుతుంది, మోకాలి మీద పడే బరువు తగ్గుతుంది. పాత బూట్లు పక్కన పెట్టించాను. వాటి అడుగు అరిగిపోవడమే కాదు, సైజు బిగుతై రెండు కాలి గోర్లు నల్లబడ్డాయి. నవంబరు మొదటికి పది కిలోమీటర్లు నొప్పి లేకుండా వెళ్లారు.

కష్టమంతా ఆయన్ని నిదానంగా పరిగెత్తించడంలోనే పడ్డాం. మాట్లాడుతూ పరిగెత్తగలగాలి అని చెప్తే, "మాట్లాడుతనే ఉన్న మేడం" అనేవారు. ఎలా మాట్లాడుతున్నారో చూద్దామని ఒక పొద్దున నేనే వడ్డేపల్లి కట్ట మీద ఆయన పక్కన పరిగెత్తాను. అడిగినదానికి జవాబు వస్తోంది. కానీ రెండు మాటలకోసారి ముక్కలై వస్తోంది. అప్పుడు తోచిందొకటి. "అన్నా, కాజీపేట నుంచి బల్లార్షా లైన్ల స్టేషన్లు వరుసగా చెప్పండి" అన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసు, నిద్రలో లేపినా చెప్తారు. "కాజీపేట, హసన్‌పర్తి, ఉప్పల్..." అని ఆగి గాలి తీసుకున్నారు. వేగం తగ్గించమన్నాను. "హసన్‌పర్తి, ఉప్పల్, జమ్మికుంట, పొత్కపల్లి..." మళ్లీ ఆగారు. ఇంకా తగ్గించమన్నాను. కట్ట మీద నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోతారేమో అనిపించేంత నెమ్మదికి వచ్చాక, జమ్మికుంట, పొత్కపల్లి, ఓదెల, కొలనూర్ మీదుగా పెద్దపల్లి దాకా మాట తెగకుండా చెప్పారు. వాచీ చూస్తే కిలోమీటరుకు 7 నిమిషాల 40 సెకన్లు. ఆయన రోజూ పరిగెత్తేదానికంటే నిమిషంన్నర తక్కువ వేగం.

"ఇది ఉరుకుడేనా?" అని అడిగారు. ముఖం చిన్నబోయింది. హనుమకొండ స్టేడియం దగ్గర తనతో పరిగెత్తేవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనన్న బాధ అది, నాకు అర్థమైంది. దూరం పెరగాలంటే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగాలి, కొవ్వును కాల్చి శక్తి తీసుకునే ఏర్పాటు బలపడాలి. అది గంటల తరబడి నెమ్మదిగా పరిగెత్తితేనే బాగా జరుగుతుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గట్టి వేగంలో సుమారు గంటన్నర, రెండు గంటలకు అయిపోతుంది. ఐదు గంటల పనికి అది చాలదు. ఇదంతా చెప్పాను. ఆయనకు నచ్చింది మాత్రం స్టేషన్ల పరీక్షే. అప్పటి నుంచి వారంలో మూడు పరుగులు పెద్దపల్లి వేగంలో, ఒక్కటి మాత్రం కాస్త గట్టిగా. ఫిబ్రవరికల్లా అదే శ్రమతో, అదే ఊపిరితో 7:10కి వచ్చారు. వేగం పెంచాలని ప్రయత్నించకుండానే వచ్చింది.

లాంగ్ రన్ డిసెంబరులో 14, 16 కిలోమీటర్లు, జనవరిలో 18, ఫిబ్రవరిలో 20. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు బండ్లతో నిండిపోయింది కాబట్టి ఆ వారం ఎన్ఐటీ నుంచి సుబేదారి మీదుగా భద్రకాళి బండ్ దాకా, మళ్లీ వెనక్కి. ఎక్కుడు దిగుడు కోసం మడికొండ మెట్టుగుట్ట దారి. మోకాలు ఒక్కసారి కూడా నొప్పి చేయలేదు. అంతా బాగుందనుకున్నాను.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం

ప్లానులో ఆ రోజు 22 కిలోమీటర్లు రాసింది నేనే. ఆ వారమంతా ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి, షెడ్ దగ్గరే బట్టలు మార్చుకుని, ఆరున్నరకు పరుగు మొదలుపెట్టారు. ప్లానులో ఉందిగా మరి. 17వ కిలోమీటరు దగ్గర కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడ్డారు. నిమ్మసోడా బండి నడిపే అతను గొడుగు నీడలో పడుకోబెట్టి, తల మీద నీళ్లు పోసి, కొడుకుకు ఫోన్ చేశాడు. ఆ మనిషికి నేను తర్వాత వెళ్లి దండం పెట్టి వచ్చాను. ఆస్పత్రిలో పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, సాయంత్రానికి ఇంటికి పంపారు. ముందురోజు బరువుకు, ఆ రోజు బరువుకు తేడా 2.6 కిలోలు.

మర్నాడు ఆయన డైరీ అడిగి తీసుకున్నాను. కాజీపేటన్నకు ఒక అలవాటుంది. డ్యూటీ ఎర్ర పెన్నుతో, పరుగు నీలం పెన్నుతో ఒకే డైరీలో రాస్తారు. సెప్టెంబరులోనే ఆ డైరీ నాకు చూపించారు. అప్పుడు నేను చదివింది నీలం సిరా మాత్రమే. ఇప్పుడు ఎర్ర సిరాతో కలిపి చదివాను. 2023 జూన్, జులై, ఆగస్టు నెలల్లో 'మోకాలు గుంజింది' అని మూడుచోట్ల ఉంది. మూడూ నైట్ డ్యూటీ వారంలోనో, అది ముగిసిన రెండు రోజుల్లోనో ఉన్నాయి. మే నెలలో జ్వరం, అది కూడా నైట్ వారం చివర. హాఫ్ మారథాన్‌కు ముందు వారం కూడా నైటే. మొత్తం కథ ఎనిమిది నెలలుగా నా బల్ల మీదే ఉంది.

ఈ తప్పు నాది, అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను. పగటి నిద్ర రాత్రి నిద్రకు సమానం కాదు, అందులోనూ రేకుల ఇంట్లో, ఏప్రిల్ ఎండలో. ఆయన నైట్ వారంలో రోజుకు నాలుగున్నర గంటలకు మించి పడుకోవడం లేదు. పరుగుతో అలిసిన కండరం బాగుపడేది ఎక్కువగా నిద్రలోనే. అంటే ఆ వారంలో పరిగెత్తిన ప్రతి కిలోమీటరూ అప్పు మీద పరుగు. నేను కిలోమీటర్లు లెక్కపెట్టాను, ఎనిమిది గంటలు ఇంజన్ల కింద వంగి పనిచేయడాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి ప్లాను ఏడు రోజులది కాదు, మూడు వారాలది. ఆయన డ్యూటీలు అలాగే తిరుగుతాయి: ఒక వారం పొద్దున 6 నుంచి 2, ఒక వారం మధ్యాహ్నం 2 నుంచి 10, ఒక వారం నైట్. మధ్యాహ్నం డ్యూటీ వారంలో రాత్రి నిద్ర బాగా పడుతుంది కాబట్టి పెద్ద పరుగులన్నీ ఆ వారంలోనే, ఆ వారం రెస్టు రోజున. పొద్దున డ్యూటీ వారంలో మధ్యస్థంగా. నైట్ వారంలో రెండే పరుగులు, నలభై నిమిషాలకు మించకుండా, నిద్ర లేచాక సాయంత్రం పూట. గడిచిన 24 గంటల్లో ఆరు గంటల నిద్ర లేకపోతే ఆ రోజు నడకే. లాంగ్ రన్ మూడు వారాలకోసారి వస్తే చాలదేమోనన్న భయం నాకూ ఉండింది. అమెరికన్ రన్నింగ్ కోచ్ జెఫ్ గాలోవే లాంటి అనుభవజ్ఞులు కొత్త మారథానర్లకు లాంగ్ రన్లు వారాల ఎడంతో పెట్టడం గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నాను. గాలోవే చెప్పిన పరుగు, నడక పద్ధతి కూడా తీసుకున్నాం: తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అలిసిపోయాక కాకుండా మొదటి పది నిమిషాల నుంచే.

ఈ మార్పు వల్ల ఆయన పోగొట్టుకున్నది ఒకటుంది, చెప్పాలి. హనుమకొండ స్టేడియం దగ్గర ఆదివారం కలిసి పరిగెత్తే గుంపు. రెస్టు రోజు బుధవారం వస్తే బుధవారం తెల్లవారుజామున నాలుగుంబావుకు ఒక్కరే బయల్దేరాలి. కొడుకు స్కూటీ మీద నీళ్లు, కర్జూరాలు పట్టుకుని వెనక వచ్చేవాడు. ఇంటర్ చదివే పిల్లవాడు, నాలుగు గంటలకు లేచి. నా ప్లానులో ఆ పిల్లవాడి పేరు ఎక్కడా లేదు, కానీ వాడు లేకపోతే ఈ ప్లాను నడిచేది కాదు.

ఎండ, తిండి, నీళ్లు

మే నెలలో తెల్లవారుజామున కూడా 29, 30 డిగ్రీలు. అలాంటప్పుడు రక్తంలో కొంత ఒంటిని చల్లబరచడానికి చర్మానికి వెళ్లిపోతుంది, గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి వాచీ తెర మీంచి వేగం అంకెనే తీసేయించాను. నిమిషాలు, స్టేషన్లు, అంతే. మేలో లాంగ్ రన్ రెండున్నర గంటలు, ఎన్ని కిలోమీటర్లు వస్తే అన్ని. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. జూన్ వానలు పడ్డాక ఆయన కాళ్లు తేలికపడ్డాయన్నారు. అది వాన ఒక్కదాని మహిమ కాదు, మే నెలలో పడ్డ కష్టం కూడా.

చెమట లెక్క ఇంట్లోనే చేశాం. పరుగుకు ముందు, తర్వాత, చెమట తుడుచుకుని తూకం. గంట పరుగులో 71.4 నుంచి 70.3కు వచ్చారు, మధ్యలో 200 మిల్లీలీటర్లు తాగారు, అంటే గంటకు 1.3 లీటర్లు. పోయినదంతా తాగాలని చాలామంది అనుకుంటారు. వద్దు. దాహానికి తగ్గట్టు గంటకు 500, 600 మిల్లీలీటర్లు చాలు. ఐదు గంటలు పరిగెత్తేవాళ్లు నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికే వస్తుంది.

ఓఆర్ఎస్ తాగితే శక్తి వస్తుందని అన్న నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. పరుగుకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఉప్పు కోసం ఓఆర్ఎస్ మంచిదే, తిండి వేరే ఉండాల్సిందే. రన్నర్లు పరుగులో తినే తీపి జెల్లులు ఒకటి రెండు వాడి చూశారు, ధర చూసి మానేశారు. పల్లీపట్టీ పరుగులో నమలడం కష్టమైంది. చివరికి గింజ తీసిన కర్జూరాలు, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కలు కుదిరాయి. జూన్‌లో 25 కిలోమీటర్ల పరుగుకు ముందు రాత్రి ఇంట్లో సర్వపిండి చేశారట. శనగపప్పు, పల్లీలు, నూనె. పన్నెండో కిలోమీటరు దగ్గర కడుపు పట్టేసింది. ఆ తర్వాత లాంగ్ రన్ ముందు రాత్రి తెల్లన్నం, పలచటి పెసరపప్పు చారు, పెరుగు. సర్వపిండి పరుగు అయ్యాక.

లాంగ్ రన్ జులైలో 28 కిలోమీటర్లు. ఆగస్టు మొదటి వారంలో 31. ఆ తర్వాత మూడు వారాలు తగ్గింపు. కుడికాలి మడమ ఎత్తులు 13 నుంచి 26కు వచ్చాయి, ఎడమ 27. రేసు ముందు వారం నైట్ పడకుండా ఒక తోటి ఉద్యోగి డ్యూటీ మార్చుకున్నాడు. నా దృష్టిలో ఈ మొత్తం ప్లానులో అతి ముఖ్యమైన శిక్షణ అదే.

రేసు

లక్ష్యం 5 గంటల 15 నిమిషాలు పెట్టాం. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర చీకటిలోనే మొదలు. మొదటి పది కిలోమీటర్లు ఆయన్ని అందరూ దాటిపోయారు. ఫ్లైఓవర్లన్నీ నడిచి ఎక్కారు, పొట్టి అడుగులతో దిగారు. మొదటి సగం 2 గంటల 34 నిమిషాల 50 సెకన్లు. 30 దాటాక ఎండ వచ్చింది. 36 దగ్గర రెండు పిక్కలూ పట్టేశాయి, నిలబడి సాగదీసుకుని, నీళ్లు తాగి, ఐదు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక చొప్పున మార్చుకున్నారు. ఆ మార్పు నేను చెప్పింది కాదు, ఆయనే చేసుకున్నారు. రెండో సగం 2 గంటల 37 నిమిషాల 30 సెకన్లు. మొత్తం 5 గంటల 12 నిమిషాల 20 సెకన్లు. హాఫ్‌లో చివరి ఏడు కిలోమీటర్లకు పట్టిన టైము 57 నిమిషాలైతే, ఫుల్‌లో చివరి ఏడు 55 నిమిషాల్లో వచ్చాయి, అదీ 35 కిలోమీటర్లు పరిగెత్తాక.

స్టేడియం లోపలికి వస్తుంటే బిడ్డ ఫోన్లో వీడియో తీసింది. అందులో ఆయన పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ని తలుచుకుంటున్నారేమో అనుకున్నాను. అడిగితే చెప్పారు: "రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి... కాగజ్‌నగర్ దాకా పోయిన మేడం."

ఇప్పుడు

వారం తర్వాత పీట మీంచి దిగమన్నాను. కుడి మోకాలు కొంచెం లోపలికి పోతోంది ఇంకా, ముందటంత కాదు. ఆ వ్యాయామాలు ఆపవద్దన్నాను. విటమిన్ డి తక్కువగా ఉందని తేలింది, ఫిజీషియన్ మందులు రాశారు. నాకు సంతృప్తినివ్వనిది నిద్ర. నైట్ వారంలో ఇప్పుడు రోజుకు ఐదున్నర గంటలు పడుకుంటున్నారు, కిటికీకి నల్లగుడ్డ కట్టి, కూలర్ పెట్టి. అంతకు మించి రావడం లేదు.

తర్వాత 50 కిలోమీటర్లు అంటున్నారు. హనుమకొండ నుంచి ములుగు దాదాపు అంతే దూరం. ములుగు దాకా పోయినవాణ్ని రామప్ప దాకా పోలేనా అని కూడా అంటున్నారు, అది సుమారు 65. ఆ రోడ్డు మీద చీకట్లో లారీల మధ్య పరిగెత్తడానికి నేను ఒప్పుకోను, ఆ మాట ఆయనకూ, కొడుక్కూ చెప్పాను. 50 అయితే స్టేడియంలో గానీ వడ్డేపల్లి కట్ట చుట్టుపక్కల గానీ, చలికాలంలో, నీడలో నీళ్లు పెట్టుకుని. ఒకేసారి 40 పరిగెత్తించే బదులు వరుసగా రెండు రోజులు, మొదటి రోజు మూడు గంటలు, రెండో రోజు రెండు గంటలు పెట్టి చూద్దామనుకుంటున్నాం. దానికి రెస్టు రోజు, దాని పక్కన ఇంకో తేలిక రోజు కలిసి రావాలి.

వచ్చే నెల డ్యూటీ రోస్టర్ ఇంకా రాలేదు. డైరీలో ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఎర్ర పెన్నుతో రాశాక నీలం పెన్ను తీస్తాం.